తొంభై ఒకటవ నంబరు చొక్కా

ఈ నెల మన శీర్షికలో ఆటల సంగతి వ్రాయబోతున్నాము. ఆటలతో మన కుటుంబాలకు ఏమి పని అని పెద్దలు కొందరు అనుకొనవచ్చును. కొంచెము ఓపికతో చదవండి. ఒక ఊరివారు తొమ్మిది సంవత్సరాలు ప్రేమించిన మనిషి మరియొక ఊరికి వెళ్ళిపోయినప్పుడు, ఆ ఊరి పెద్దలూ పిల్లలూ ఏమి చేశారో చెప్పడమే మా ఉద్దేశము. ఆటలో గెలుపు ఓటములు ఆ తరువాతి మాట.

మన పల్లెలలో మంచి లెక్కల మాస్టారికి బదిలీ వచ్చిన రోజు ఎలా ఉంటుందో మీకు తెలుసు. పిల్లలు బడి గేటు దగ్గర నిలబడి ఏడుస్తారు. తల్లులు కొంగు నోటికి అడ్డము పెట్టుకొంటారు. పెద్దలు నలుగురు కలిసి అర్జీ పట్టుకొని మండల కార్యాలయానికి వెళ్తారు. సంఘకాపరి బదిలీ అయినప్పుడు కూడా ఇంచుమించు ఇదే తీరు. అయినా మాస్టారి ఫొటోను ఎవరూ తగులబెట్టరు. ఆయన మళ్ళీ ఎప్పుడైనా ఆ ఊరి బస్సు దిగితే పిల్లలు ఎదురు పరుగెత్తుతారు. అమెరికాలో లాంగ్ ఐలాండ్ అనే చోట 2018వ సంవత్సరములో జరిగినది ఇందుకు పూర్తిగా వేరు. అక్కడివారు చొక్కాలు తగులబెట్టారు.

హాకీ అనగానే మనకు గడ్డి మైదానము, ధ్యాన్‌చంద్ గుర్తుకు వస్తారు. మేము చెప్పబోయేది మంచు మీద ఆడే హాకీ. కాళ్ళకు ఇనుప పట్టీలు గల బూట్లు కట్టుకొని, గట్టి మంచు గచ్చు మీద జారుతూ, చిన్న రబ్బరు బిళ్ళను కర్రలతో కొట్టే ఆట. ఒక్కొక్క జట్టుకు గోల్‌కీపరుతో కలిపి ఆరుగురు. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలుగా ఆడతారు. కెనడా దేశములో ఈ ఆటంటే మన దగ్గర క్రికెట్టుకు ఉన్న పిచ్చి వంటిదే. చలికాలములో ఇంటి పెరట్లో నీళ్ళు పోసి గడ్డకట్టించి, పిల్లలను దాని మీదికి తోలే తండ్రులు అక్కడ చాలామంది ఉంటారు. అమెరికా, కెనడా దేశాల జట్లు కలిసి నేషనల్ హాకీ లీగ్ అనే పోటీలో ఆడతాయి. చివరకు గెలిచిన జట్టుకు స్టాన్లీ కప్పు ఇస్తారు.

న్యూయార్క్ నగరము ప్రక్కన సముద్రములోనికి పొడుగ్గా చొచ్చుకుపోయిన ద్వీపము లాంగ్ ఐలాండ్. అక్కడి జట్టు పేరు న్యూయార్క్ ఐలాండర్స్. 1972లో పుట్టినది. పుట్టిన ఎనిమిదేళ్ళకే కప్పు గెలిచినది. 1980, 1981, 1982, 1983 సంవత్సరాలలో వరుసగా నాలుగు కప్పులు! ఆ తరువాత మాత్రము దిగజారినది. 1993 తరువాత ఇరవైమూడు సంవత్సరాల వరకు చివరి పోటీలలో ఒక్క దశ కూడా దాటలేదు. నగరములో రేంజర్స్ అనే పాత జట్టు ఉన్నది. దానికి పేరూ ఎక్కువే, డబ్బూ ఎక్కువే. పెద్దింటి ప్రక్కన పూరిల్లు వేసుకొన్నవాని బాధ లాంగ్ ఐలాండ్ వారికి ఎప్పుడూ ఉండేది. ఆ జట్టు ఆడే నాసో కొలీజియం అనే ఆటశాల పాతబడిపోయినది. క్రొత్తది కట్టడానికి 40 కోట్ల డాలర్లు అప్పు తేవాలా అని 2011 ఆగస్టులో ప్రజలను ఓటు అడిగితే, వద్దన్నారు. జట్టు ఊరు విడిచి పోతుందేమోనన్న భయము అప్పుడు మొదలైనది.

అటువంటి కాలములో వారికి దొరికిన బిడ్డ జాన్ టవారెస్.

ఇతడు 1990 సెప్టెంబరులో కెనడాలోని మిస్సిసాగాలో పుట్టాడు. మన తెలుగు కుటుంబాలు ఈనాడు చాలా కాపురమున్న ఊరే అది, టొరంటో నగరాన్ని ఆనుకొని ఉంటుంది. తండ్రి వైపు పోర్చుగల్, తల్లి వైపు పోలండు మూలాలు. దగ్గరలోని ఓక్‌విల్‌లో పెరిగాడు. పదునాలుగేళ్ళ వయసులోనే, తనకంటె పెద్దవారితో ఆడేందుకు ప్రత్యేక అనుమతి పొందిన పిల్లవాడు. 2009లో ఐలాండర్స్ జట్టు లీగ్ మొత్తములో ఆఖరి స్థానములో ఉన్నది కనుక, ఆ సంవత్సరము క్రొత్త ఆటగాళ్ళ ఎంపికలో మొదటి పేరు పిలిచే అవకాశము దానికి వచ్చినది. వారు టవారెస్‌ను పిలిచారు. అతడు 91వ నంబరు చొక్కా తొడుగుకొన్నాడు.

ఈ ఎంపిక పద్ధతి గూర్చి కొంచెము చెప్పవలెను. తరువాతి తగవంతా దీనిలోనే ఉన్నది. పద్దెనిమిదేళ్ళ కుర్రవానిని నీవు ఏ ఊరిలో ఆడతావని ఎవరూ అడగరు. ఏ జట్టు పేరు పిలిస్తే ఆ జట్టుకే అతడు కట్టుబడాలి. ఓడిపోయిన జట్లకు ముందుగా మంచి ఆటగాళ్ళు దొరకాలని ఈ ఏర్పాటు. జట్లకు ఇది న్యాయమే. కుర్రవాని సంగతి? అతడు ఏడు సీజన్లు ఆడిన తరువాత, లేదా ఇరవైయేడేళ్ళు నిండిన తరువాత, చేతిలో ఉన్న ఒప్పందము ముగిసినప్పుడు ఎక్కడికైనా వెళ్ళవచ్చును. దీనినే ఫ్రీ ఏజెన్సీ అంటారు. ఏటా జూలై 1న ఆ తలుపు తెరుచుకొనేది. ఆ రోజు ఆటగాడు వెళ్ళిపోతే పాత జట్టుకు బదులుగా చిల్లిగవ్వ కూడా రాదు. అదే ముందుగా మరియొక జట్టుకు మార్పిడి చేసియుంటే, బదులుగా ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళయినా దక్కుతారు.

2011 సెప్టెంబరులో టవారెస్ ఐలాండర్స్‌తో మరి ఆరేళ్ళకు 3 కోట్ల 30 లక్షల డాలర్లకు ఒప్పందము చేసుకొన్నాడు. ప్రజలు క్రొత్త ఆటశాల వద్దన్న తరువాత నెలన్నర కూడా గడవలేదప్పటికి! ఊరివారే ఆశ వదలుకొన్న వేళ ఈ కుర్రవాడు ఉంటానన్నాడు. ఆ సంతకాన్ని లాంగ్ ఐలాండ్ మరచిపోలేదు. 2013లో జట్టు నాయకుడయ్యాడు. 2015లో జట్టు బ్రూక్లిన్‌లోని బార్‌క్లేస్ సెంటరుకు మారినది. ఆ భవనము బాస్కెట్‌బాల్ కోసము కట్టినది కాబట్టి, కొన్ని కుర్చీలలో కూర్చుంటే ఒక వైపు గోలు కనబడేది కాదు. టిక్కెట్టు కొని, సగము ఆట టీవీలో చూచుకోవాలి. అటువంటి చోట 2016 ఏప్రిల్ 24న ఫ్లోరిడా జట్టుతో ఆరవ ఆట. 53 సెకన్లు మాత్రమే మిగిలి ఉన్నవి, ఒక గోలు వెనుకబడి ఉన్నారు. టవారెస్ గోలు కొట్టి సమము చేశాడు. అదనపు సమయము ఒకటి గడిచిపోయినది. రెండవ దానిలో గోలు వెనుక నుండి చుట్టి వచ్చి మళ్ళీ అతడే కొట్టాడు. ఇరవైమూడేళ్ళ ఎదురుచూపు ఆ రాత్రితో తీరినది. ఆనాటి నుండి లాంగ్ ఐలాండ్ పిల్లల వీపుల మీద ఎక్కడ చూచినా 91వ నంబరే.

ఇక 2018కి వద్దాము. ఆ జూన్ 30తో ఒప్పందము ముగియాలి. సంవత్సరమంతా విలేఖరులు అడుగుతూనే ఉన్నారు. ఇక్కడ ఉండటము తనకు ఇష్టమేనన్నట్లు అతడు మాట్లాడుతూ వచ్చాడు. ఫిబ్రవరి నెలాఖరులో ఆటగాళ్ళ మార్పిడికి ఆఖరి గడువు వచ్చినది, పోయినది. జట్టు అతనిని మార్చలేదు. మే నెలలో జట్టు పెత్తనము లూ లామొరియెల్లో అనే వయసు మళ్ళిన పెద్దమనిషి చేతికి వచ్చినది. ఆయన వచ్చినది టొరంటో జట్టు నుండే. (ఆయనను మాత్రము టొరంటోలో ఎవరూ ద్రోహి అనలేదని పాఠకులు గమనించగలరు.) జూన్‌లో, అప్పుడే వాషింగ్టన్‌కు కప్పు గెలిపించిన బారీ ట్రాట్జ్‌ను శిక్షకునిగా తెచ్చుకొన్నారు. నాయకుని నిలుపుకోవడానికి ఇంటికి సున్నము వేసినట్లు అన్నీ సర్దుకొన్నారు.

జూన్ చివరి వారములో టవారెస్ లాస్ ఏంజిలిస్‌లో కూర్చొని ఐలాండర్స్‌తో కలిపి ఆరు జట్ల వారితో మాట్లాడాడు. ఆనాటి నియమము ప్రకారము పాత జట్టు ఎనిమిదేళ్ళ ఒప్పందము ఇవ్వవచ్చును, క్రొత్త జట్టు ఏడేళ్ళకు మించి ఇవ్వకూడదు. జూలై 1న అతడు టొరంటో మేపుల్ లీఫ్స్‌తో ఏడేళ్ళకు 7 కోట్ల 70 లక్షల డాలర్లకు సంతకము చేశాడు. మరియొక జట్టు ఇంకా ఎక్కువ ఇవ్వజూపినదని ఆనాడు వార్తలు వచ్చినవి. కాబట్టి కేవలము డబ్బు కోసము వెళ్ళాడనడానికి లేదు. వెళ్తూ ఒక పాత ఫొటో బయట పెట్టాడు. చిన్నపిల్లవాడుగా మేపుల్ లీఫ్స్ బొమ్మలున్న దుప్పట్లలో నిద్రపోతున్న ఫొటో. చిన్ననాటి కల నెరవేరినదని దాని భావము.

ఆ ఫొటోయే మంట పెట్టినది.

వెళ్ళిపోవడము ఒక దెబ్బ. నేను పుట్టినప్పటి నుండి అక్కడివాడినే అని చెప్పడము రెండవ దెబ్బ. మన ఇళ్ళలో ఈ సంగతి బాగా అర్థమవుతుంది. ఇరవై ఏళ్ళు పెంచిన మేనత్త ఇంటి నుండి పిల్లవాడు కన్నవారి దగ్గరకు వెళ్ళిపోతే ఆమె కళ్ళు తుడుచుకొని పంపుతుంది. వెళ్తూ వెళ్తూ ఇన్నాళ్ళూ మా అమ్మ కోసమే కలవరించాను అన్నాడనుకోండి, ఆ మాట ఆమె గుండెలో ముల్లులా ఉండిపోతుంది. అతని కల నిజమే కావచ్చును. టొరంటో ప్రక్కన పుట్టిన ఏ పిల్లవానికైనా అటువంటి దుప్పటి ఉంటుంది. ఆ రోజున ఆ ఫొటో అవసరమా అని మాత్రము మేము అడుగుతాము.

అదే రోజు సాయంకాలానికే కొందరు 91వ నంబరు చొక్కాలకు నిప్పు పెట్టి, దానిని వీడియో తీసి లోకానికి చూపించారు. ఆ చొక్కా ఒక్కొక్కటి నూరు డాలర్లకు పైమాటే. మరికొందరు అతని పేరు మీద పట్టీ అంటించి వేరే మాటలు వ్రాసుకొన్నారు. అందరూ అలా చేశారనడము తప్పు. బీరువాలో మడిచి పెట్టినవారు, మౌనముగా ఊరకున్నవారు లెక్కకు రారు, వారి వీడియోలు ఎవరూ తీయరు. అక్కడి తల్లిదండ్రులకు వచ్చిన అసలు చిక్కు చిన్నపిల్లలతోనే. "నాన్నా, ఈ చొక్కా ఇక బడికి వేసుకోకూడదా?" అని ఎనిమిదేళ్ళ పిల్లవాడు అడిగితే ఏమి చెప్పాలి? నిన్నటి వరకు మంచివాడైన మనిషి ఈ రోజు చెడ్డవాడు ఎలా అయ్యాడో పిల్లవానికి వివరించడము పెద్దలకే చేతకాదు.

2019 ఫిబ్రవరి 28న టవారెస్ టొరంటో చొక్కాతో నాసో కొలీజియమునకు తిరిగి వచ్చాడు. ఆ ఏడాది కొన్ని ఆటలు మళ్ళీ ఆ పాత భవనములోనే జరిగేవి. ఆ రాత్రి అక్కడ జరిగినది చూచినవారు ఇప్పటికీ చెప్పుకొంటారు. సన్నాహము కోసము మంచు మీదికి రాగానే చెవులు గింగురుమనేలా ఛీ కొట్టారు. రబ్బరు పాములు విసిరారు. పాత చొక్కాలు విసిరారు. నీవు మాకు అక్కరలేదు అని వేలమంది ఒక్క గొంతుతో అరిచారు. నీ రాత్రి దుస్తులేవి అని ఆ ఫొటో గుర్తు చేసి ఎగతాళి చేశారు. ఇక్కడ వ్రాయదగని మాటలు కూడా అరిచారు. అతడు చేసిన సేవకు కృతజ్ఞతగా జట్టువారు తెర మీద పాత గోల్స్ చూపిస్తే, దానిని కూడా అరుపులతో ముంచివేశారు. టొరంటో ముందుగా ఒక గోలు కొట్టినది. ఆ తరువాత ఐలాండర్స్ వరుసగా ఆరు కొట్టి 6-1తో గెలిచారు. ఆ భవనము కప్పు లేచిపోతుందా అన్నంత సంబరము.

ఎగతాళి వరకు ఫరవాలేదని మేమనుకొంటాము. రాత్రి దుస్తుల అరుపు చదివినప్పుడు మాకు కూడా నవ్వు ఆగలేదు. ఆట చూడ వచ్చినవాడు అరవకుండా ఎలా ఉంటాడు? తండ్రి భుజాల మీద కూర్చున్న పసివాడు ఆ బూతు మాట నేర్చుకొని ఇంటికి వెళ్ళడము మాత్రము మాకు నచ్చలేదు. అది టవారెస్‌కు తగిలిన దానికంటె ఆ పిల్లవానికే ఎక్కువ తగులుతుంది.

అతడు ద్రోహియా? మా అభిప్రాయము అడిగితే కాదనే అంటాము. ద్రోహము అనాలంటే మాట తప్పియుండాలి. తొమ్మిదేళ్ళలో 669 ఆటలు ఆడి, 272 గోల్స్ కొట్టి, రెండు ఒప్పందాలూ చివరి రోజు వరకు నెరవేర్చి, అప్పుడు వెళ్ళాడు. పద్దెనిమిదేళ్ళప్పుడు ఎవరూ అడగని ప్రశ్నను ఇరవైయేడేళ్ళప్పుడు మొదటిసారి అడిగితే, తన జవాబు తాను చెప్పాడు. మన పల్లెలో కుర్రవాడు హైదరాబాదుకో దుబాయికో వెళ్తే ద్రోహి అంటామా?

అయితే అభిమానుల కోపము ఊరకనే పుట్టలేదు. ఫిబ్రవరిలో సందేహము ఉన్నదని నోరు తెరచి చెప్పియుంటే జట్టు అతనిని మార్పిడి చేసి ఎంతో కొంత దక్కించుకొనేది. చివరి వారము వరకు తనకే తెలియదని అతడంటే మనము కాదనలేము. ఏది ఎంచుకోవాలో తెలియని మనిషి బాధ కూడా బాధే. మరి జట్టు పెద్దలు? వారికి కళ్ళు లేవా? ఒప్పందము లేకుండా ఆఖరి సంవత్సరములోనికి నడిచిన నాయకుని చేతులు కట్టుకొని చూస్తూ ఊరకున్నారు. తప్పు పంచితే సగముకంటె ఎక్కువ వారి వాటాకే వస్తుందని మా లెక్క. మంటలో మాత్రము వారి కోటు ఒక్కటి కూడా పడలేదు.

ఈ సందర్భములో ఐలాండర్స్ చరిత్రలోని పాత సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేము. 1972లో జట్టు పుట్టినప్పుడు క్రొత్త ఆటగాళ్ళలో మొట్టమొదట పిలిచిన పేరు బిల్లీ హారిస్. టవారెస్ వలెనే లీగ్ అంతటిలో మొదటివాడు, అతడు కూడా టొరంటో కుర్రవాడే. జట్టు ఆటలన్నీ ఓడిపోయే రోజుల నుండి దానితో ఉన్నాడు. ఎనిమిదవ ఏడాది, అనగా 1980 మార్చిలో, జట్టు పెద్దలు అతనిని లాస్ ఏంజిలిస్‌కు పంపివేసి, బదులుగా బుచ్ గోరింగ్ అనే ఆటగానిని తెచ్చుకొన్నారు. రెండున్నర నెలలలో, మే 24న ఐలాండర్స్ మొదటి కప్పు గెలిచారు. ఎనిమిదేళ్ళు మోసినవాడు ఆ కప్పు ఎత్తలేదు. గోరింగ్ వచ్చినందువలన జట్టు నిలబడినదని అందరూ ఒప్పుకొంటారు, వ్యాపారము దృష్టిలో అది తెలివైన పనే. జట్టు ఆటగానిని పంపితే తెలివి, ఆటగాడు జట్టును విడిస్తే ద్రోహము అన్న లెక్క మాత్రము మాకు ఎన్నటికీ కుదరదు.

నాయకుడు పోయిన తరువాత జట్టు ఏమైనదో చూడండి. ఆటలు తెలిసినవారు అనేకులు ఐలాండర్స్ ఇక అడుగునే ఉంటారన్నారు. ట్రాట్జ్ వచ్చి ఒక్కొక్కరికి వెనుకకు వచ్చి కాపలా కాయడము నేర్పాడు. ముందు ఏడాది లీగ్ అంతటిలో ఎక్కువ గోల్స్ ఇచ్చిన జట్టు, 2018-19లో అందరికంటె తక్కువ ఇచ్చినది. 80 పాయింట్ల నుండి 103కు ఎగబాకినది. ఆండర్స్ లీ క్రొత్త నాయకుడయ్యాడు. 2018 డిసెంబరు 29న టొరంటోకే వెళ్ళి 4-0తో గెలిచారు, ఆ ఆటలో మాథ్యూ బార్జాల్ అనే కుర్రవాడు మూడు గోల్స్ కొట్టాడు. ఆ వసంతములో చివరి పోటీలలో పిట్స్‌బర్గ్‌ను వరుసగా నాలుగు ఆటలలో ఓడించారు. 2020, 2021లలో కప్పుకు ఒక మెట్టు క్రింది వరకు వెళ్ళి, రెండుసార్లూ టాంపా బే చేతిలోనే ఆగిపోయారు. పెద్ద చెట్టు పడిపోతే క్రింద ఉన్న మొక్కలకు ఎండ తగులుతుందని మన రైతులకు చెప్పనక్కరలేదు.

టవారెస్‌కు ఇంటి దగ్గర కూడా పూలదారి దొరకలేదు. మొదటి ఏడాది 47 గోల్స్ కొట్టాడు, అంతకు ముందెన్నడూ అన్ని కొట్టలేదు. అయినా టొరంటో మొదటి దశలోనే బోస్టన్ చేతిలో ఓడినది. 2019 అక్టోబరులో నాయకుని చేశారు. 2023 ఏప్రిల్‌లో టాంపాపై అదనపు సమయములో అతడు కొట్టిన గోలుతో, 2004 తరువాత మొదటిసారిగా టొరంటో ఒక దశ దాటినది. 2024లో నాయకత్వాన్ని తనకంటె చిన్నవాడైన ఆస్టన్ మాథ్యూస్‌కు అప్పగించాడు. 1967 తరువాత ఆ ఊరికి రాని కప్పు, అతడు ఆడిన ఆ ఏడేళ్ళలోనూ రాలేదు. 2025 జూన్‌లో ఆ ఒప్పందము ముగిసే వేళకు మరి నాలుగేళ్ళు అక్కడే ఉండటానికి సంతకము చేశాడు. ఈసారి ఏడాదికి సగటున 44 లక్షల డాలర్లకు కాస్త తక్కువ. అంతకు ముందు ఏడాదికి కోటి పది లక్షలు వచ్చేది. సగానికంటె తక్కువకు ఇంటి దగ్గర ఉండిపోయినవానిని చూచి, ఆ దుప్పటి ఫొటో నాటకము కాదని లాంగ్ ఐలాండ్ వారిలో కొందరైనా ఒప్పుకొని ఉంటారు.

సరిగ్గా అదే వేసవిలో టొరంటో ప్రాంతములోనే పుట్టి పెరిగిన మిచ్ మార్నర్, తొమ్మిదేళ్ళు ఆడిన ఆ ఇంటి జట్టును విడిచి లాస్ వేగాస్ వెళ్ళిపోయాడు. ఇంటికి వచ్చినవానిని చూచి 2018లో చప్పట్లు కొట్టిన టొరంటో వారు, ఇల్లు విడిచినవానిని చూచి 2025లో పళ్ళు కొరికారు. లాంగ్ ఐలాండ్ వారికి ఎంత కడుపు నిండినదో మేము వేరుగా వ్రాయనక్కరలేదు.

మన తెలుగు నేల మీద ఇటువంటి అనుభవము ఒకటి ఉన్నది. సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు 2016లో కప్పు తెచ్చిన డేవిడ్ వార్నర్‌ను 2021లో నాయకత్వము నుండి తీసివేసి, తరువాత జట్టులో చోటు కూడా లేకుండా కూర్చోబెట్టారు. ఆ పైన విడిచిపెట్టారు. 2022 వేలములో ఢిల్లీ వారు 6 కోట్ల 25 లక్షలకు తీసుకొన్నారు. మనవారి కోపము అతని మీద పడలేదు, జట్టు యాజమాన్యము మీద పడినది. కరోనా రోజులలో భార్యాబిడ్డలతో కలిసి బుట్టబొమ్మ పాటకు చిందులేసిన మనిషిని ఎవరు కోపగించగలరు? 2023 ఏప్రిల్‌లో ఢిల్లీ నాయకునిగా ఉప్పల్ వచ్చినప్పుడు, ఆట మొదలు కాకముందు పాత సహచరుడు భువనేశ్వర్ కాళ్ళకు సరదాగా దణ్ణము పెట్టాడు. ఆ రోజు ఢిల్లీ గెలిచినది కూడా. 2025లో తెలుగు సినిమాలోనే కనిపించాడు! వెళ్ళగొట్టబడినవాని మీద జాలి సులభముగానే పుడుతుంది. తనంతట తాను తలుపు తీసుకొని వెళ్ళినవాని యెడల అదే ప్రేమ చూపడము కష్టము. లాంగ్ ఐలాండ్ వారికి వచ్చినది ఆ రెండవ పరీక్ష. మనకింకా అంత గట్టిగా రాలేదు కాబట్టి వారిని చూచి మనము మేలైనవారమని అనుకొనవద్దు.

ఐలాండర్స్‌కు 2021 నవంబరులో బెల్మాంట్ పార్కు దగ్గర స్వంత ఆటశాల వచ్చినది. టవారెస్ అక్కడికి వచ్చినప్పుడు కూడా ఛీ కొట్టారు. అరవడము ఇప్పుడు కోపముకంటె ఆనవాయితీగా మారినదని కొందరంటారు, తాత నుండి మనుమనికి వచ్చినట్లు.

2025లో ఆ జట్టుకు మళ్ళీ మొదటి పేరు పిలిచే అదృష్టము తగిలినది. పదునేడేళ్ళ మాథ్యూ షేఫర్‌ను పిలిచారు. అతడు కూడా ఒంటారియో రాష్ట్రపు కుర్రవాడే, టొరంటోకు దగ్గరలోని హామిల్టన్ వైపు వాడు. తల్లి క్యాన్సరుతో అంతకు ముందు ఏడాదే చనిపోయినది. అతని పేరు పిలిచినప్పుడు ఆమె జ్ఞాపకముతో అతడు కన్నీరు పెట్టుకొంటే, చూచిన ఐలాండర్స్ అభిమానులు కూడా ఆపుకోలేకపోయారు. ఆ సెప్టెంబరుకు అతడు పద్దెనిమిదేళ్ళవాడయ్యాడు. అతని నంబరు 48. లాంగ్ ఐలాండ్ తండ్రులు పిల్లలను దుకాణానికి తీసుకొని వెళ్ళి ఆ చొక్కా కొంటున్నారు. చిన్నప్పుడు ఏ జట్టు దుప్పటి కప్పుకొని పడుకొన్నావని ఈసారి ఎవరైనా ముందే అడిగారో లేదో!